జామీను దయాభిక్ష కాదు

1897వ సంవత్సరము జూలై మాసాంతమున లోకమాన్య తిలకుగారిని రాజద్రోహాభియోగముపై బొంబాయిలో నిర్బంధించిరి. క్రింది న్యాయస్థానము వారికి జామీను నిరాకరించెను. హైకోర్టులో చేసిన తొలి ప్రయత్నమును ఫలింపలేదు. తుదకు జస్టిసు బద్రుద్దీన్ త్యాబ్జీగారి యెదుట దిన్షా దావరుగారు తిలకుగారి పక్షమున వాదింపగా జామీను లభించెను. పదునొకండేండ్లు గడచినవి. 1908లో తిలకుగారిపై మరల రాజద్రోహాభియోగము మోపబడెను. ఈమారు జామీను కోరి వాదించినవారు మహమ్మదాలీ జిన్నాగారు; న్యాయపీఠముపై కూర్చున్నవారు ఆ దావరుగారే. జామీను దొరకలేదు. తిలకుగారు నిర్బంధములో నుండియే విచారణ నెదుర్కొని, ఆఱేండ్ల ప్రవాసశిక్షను పొంది, మాండలే కారాగారమును చేరిరి.

అంతటి నాయకుని విషయముననే జామీను దొరకుటయు దొరకకుండుటయు పీఠముపై నున్నవారి మనస్సును బట్టి నడచినప్పుడు, పేరులేని కూలివాని గతి యేమి? ఈ ప్రశ్న పరప్రభుత్వముతోపాటు ఓడయెక్కి పోయినది కాదు. నేటికిని మన జిల్లా న్యాయస్థానముల వరండాలలో, కొడుకు కొఱకో భర్త కొఱకో వచ్చి, ఎవరి నడుగవలెనో ఏమని యడుగవలెనో తెలియక స్తంభమున కానుకొని నిలుచుండు స్త్రీలను చూచినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును.

1919లో రౌలటు శాసనము వచ్చినప్పుడు వకీలు లేదు, దలీలు లేదు, అప్పీలు లేదని దేశమంతయు ఆక్రోశించెను. ఆ మూడు లేములను కన్నులార చూచిన తరమువారే మన రాజ్యాంగమును వ్రాసిరి. 1949 సెప్టెంబరులో డాక్టరు అంబేద్కరుగారు రాజ్యాంగసభ యెదుట నుంచిన నిబంధనయే నేడు 22వ అధికరణముగా నున్నది. నిర్బంధితునికి కారణమును వీలైనంత త్వరలో తెలుపవలెను. తన కిష్టమైన న్యాయవాదిని సంప్రతించుటకు అతనికి వీలొసగవలెను. ప్రయాణకాలము మినహాయించి 24 గంటలలోపల అతనిని సమీపమున నున్న మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ముందుజాగ్రత్త నిర్బంధ చట్టముల క్రింద పట్టువడినవారికి మాత్రము ఈ రక్షణలు ఇట్లే వర్తింపవు. పిమ్మట 1976లో బీదవారికి ఉచిత న్యాయసహాయము నీయవలెనని 39ఏ అధికరణము చేరెను. ఆ సహాయమునకు యంత్రాంగము నేర్పరచిన న్యాయసేవాధికార సంస్థల చట్టము 1987లో పుట్టి, 1995 నవంబరు 9వ తేదీన అమలునకు వచ్చెను.

చట్టములు ఇన్ని యుండగా ఫలితమెట్లున్నది? 2022వ సంవత్సరాంతమునకు దేశమునందలి చెరసాలలలో 5,73,220 మంది యుండగా వారిలో 4,34,302 మంది విచారణ ముగియని ఖైదీలని జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలు చెప్పుచున్నవి. అనగా నూటికి డెబ్బదియైదుగురికి పైగా, నేరము చేసిరని ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పనివారు. వీరందఱును నిర్దోషులని మేమనుట లేదు. వీరు దోషులని ఇంతవఱకు ఎవరును నిర్ణయింపలేదని మాత్రమే అనుచున్నాము. న్యాయశాస్త్రమునకు ప్రాణమైన భేద మిదియే.

మొదటి దినము

ఒకని స్వేచ్ఛ నిలుచుటయో పోవుటయో తఱచుగా మొదటి దినముననే తేలిపోవును. ఆ దినముననే ఇంటివారికి తెలివి తప్పును. ఆ దినముననే దళారి గుమ్మములో ప్రత్యక్షమగును. కావున ఆనాడు తెలిసియుండవలసిన సంగతులను చదువరులకు వివరించుట మా విధి.

2024 జూలై 1వ తేదీ నుండి పాత క్రిమినలు ప్రొసీజరు కోడునకు బదులుగా భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో నున్నది. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములలో ప్రతివానిని పట్టుకొనిపోవలసిన పనిలేదు. హాజరు కమ్మని వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చి విచారింపవచ్చునని 35వ సెక్షను చెప్పుచున్నది. నిర్బంధము ఏల అవసరమో కారణములు వ్రాసి యుంచవలెనని 2014లో అర్నేష్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఖండితముగా చెప్పెను. అట్టి నోటీసు వచ్చినవాడు దానిని దాచి తిరుగరాదు; చెప్పిన దినమున హాజరై, హాజరైనట్లు ఋజువు ఉంచుకొనవలెను. నోటీసును మన్నించుటయే అతనికి మొదటి కవచము.

నిర్బంధించినచో పోలీసు అధికారి నిర్బంధపత్రము వ్రాయవలెను. కుటుంబసభ్యుడైనను ఆ ప్రాంతపు పెద్దమనిషియైనను సాక్షిగా సంతకము చేయవలెను. నిర్బంధితుడు కోరిన బంధువునకో మిత్రునకో వార్త తెలుపవలెను. 1996లో డి.కె. బసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు విధించిన ఈ నియమములు నేడు శాసనములోనే చేరియున్నవి. సాక్షిగా పిలువబడినవాడు పత్రముపై తేదీయు వేళయు సరిగా వ్రాసినారా యని చూడవలెను. ఆ 24 గంటల లెక్కకు ఆధారము ఆ వేళయే. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు స్త్రీలను నిర్బంధింపరాదు. అసాధారణ పరిస్థితి యేర్పడినను స్త్రీ అధికారి మేజిస్ట్రేటు అనుమతిని ముందుగా పొందవలెను. వైద్యపరీక్ష చేయింపవలసిన విధియు కలదు.

ఏ నేరమైనను సరే, నిర్బంధకారణములను నిర్బంధితునికి తెలిసిన భాషలో వ్రాసి యీయవలెననియు, తక్షణము వీలుకానియెడల మేజిస్ట్రేటు ఎదుటికి తెచ్చుటకు కనీసము రెండుగంటలు ముందుగానైన ఈయవలెననియు 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తెలుగు తప్ప వేఱు భాష యెఱుగనివాని చేతిలో ఆంగ్ల కాగితము పెట్టి హక్కు తీరినదనుట ఇక చెల్లదు. ఇంటివారు అడుగవలసినవి నాలుగే మాటలు: ఏ ఠాణా, ఏ కేసు నంబరు, ఏ సెక్షనులు, ఏ కోర్టు. ఈ నాలుగును కాగితముపై వ్రాసికొని వచ్చిన కుటుంబమునకు ఏ న్యాయవాదియైనను గంటలో దారి చూపగలడు. ఇవి లేక వచ్చినవారి దినమంతయు వాకబులోనే గడచిపోవును. గోప్యముగా నుంచవలసిన కొన్ని నేరములు తప్ప, ప్రథమ సమాచార నివేదికలను 24 గంటలలో పోలీసుశాఖ వెబ్‌సైటునందు ఉంచవలెనని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించియున్నది.

పట్టువడినవాడు తన పేరు, ఊరు నిజముగా చెప్పవలెను. తెల్లకాగితముపై సంతకము చేయరాదు. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యము చెప్పవలసిన నిర్బంధము రాజ్యాంగము 20వ అధికరణమును బట్టి ఎవరికిని లేదు. పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలును విచారణలో ముద్దాయిపై ఋజువు చేయుటకు వీలులేదు. దెబ్బలు తగిలినచో ఆ మాటను మేజిస్ట్రేటు ఎదుట నిలిచిన మొదటి నిమిషముననే చెప్పవలెను. ఆనాడు మౌనముగా నుండి మూడునెలల పిమ్మట చెప్పిన మాటకు బలము చాలదు.

న్యాయవాది

ఉచిత న్యాయసహాయము కేవలము దరిద్రులకని చాలమంది భ్రమ. అది పొరపాటు. 1987 చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, బాలురు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు మొదలగువారు ఆదాయముతో నిమిత్తము లేకయే దీనికి అర్హులు. నిర్బంధమునందున్న ప్రతివాడును అర్హుడే. లక్షాధికారియైనను బిచ్చగాడైనను, కటకటాల వెనుక నున్నంతకాలము అతడు న్యాయవాదిని కోరవచ్చును. 1980లో ఖత్రీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు మఱియొక అడుగు ముందుకు వేసి, మొదటిసారి మేజిస్ట్రేటు ఎదుట నిలిచిన దినము నుండియే ఈ హక్కు పుట్టుననియు, అట్టి హక్కు కలదని చెప్పుట మేజిస్ట్రేటు ధర్మమనియు నిర్ణయించెను. బీహారు రాష్ట్రము భాగల్పురములో నిర్బంధితుల కన్నులు పొడిచిన ఘోరమునుండి పుట్టిన తీర్పిది. న్యాయవాది తోడులేని మనిషికి చీకటిలో ఏమి జరుగగలదో దేశమునకు చూపిన కథ యది.

ప్రతి జిల్లా కేంద్రమునందును జిల్లా న్యాయాధిపతి అధ్యక్షుడుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది. దాని క్రింద మండల స్థాయిలోను సమితులున్నవి. 15100 అను నంబరునకు ఫోను చేసినను సహాయము కోరవచ్చును. చెరసాలలోనున్నవాడు జైలు అధికారి ద్వారా దరఖాస్తు పంపవచ్చును. ఆ సంస్థ నియమించిన న్యాయవాదికి ముద్దాయి పైకము ఈయనక్కఱలేదు. ఎవరైన అడిగినచో ఆ సంస్థకే ఫిర్యాదు చేయవలెను. ఉచితముగా వచ్చిన వకీలు ఏమి వాదించునని పెదవి విఱుచువారు కలరు. ఆ విమర్శలో కొంత నిజమున్నదని మేమును ఒప్పుకొందుము. కాని మొదటి దినమున ఎవరును లేకుండుట కంటె ఒకడుండుట వేయిరెట్లు మేలు. తరువాత స్వంత న్యాయవాదిని పెట్టుకొనుటకు అది అడ్డురాదు.

జామీను రకములు

నాన్‌బెయిలబుల్ అను మాట మన జనులను భయపెట్టినంతగా మఱేమాటయు భయపెట్టలేదు. ఆ నేరమునకు జామీనే లేదని వారర్థము చేసికొందురు. నిజ మది కాదు. జామీనీయదగు నేరములలో జామీను ముద్దాయి హక్కు. ఠాణాలోని అధికారియే అతనిని విడువవలెను. పూచీ తేలేని బీదవానిని సొంత ముచ్చలికపైననే విడువవలెను. వారముదినములలో పూచీ చూపలేనివాడు బీదవాడనియే భావింపవలెనని శాసనము చెప్పుచున్నది. రెండవ తరగతి నేరములలో జామీను న్యాయస్థానము వివేచనకు లోబడినది, అంతే భేదము. మేజిస్ట్రేటు కాదన్నచో సెషన్సు కోర్టు, అదియు కాదన్నచో హైకోర్టు కలవు. స్త్రీలకును బాలురకును రోగపీడితులకును శాసనమే కొంత సడలింపు నిచ్చినది. మత్తుపదార్థముల చట్టము, అక్రమ కార్యకలాపముల నిరోధక చట్టము వంటి ప్రత్యేక శాసనముల క్రింద జామీను కఠినతరము.

అందఱికిని తెలియవలసినది మఱియొకటి కలదు. దర్యాప్తు 60 దినములలోపల, మరణశిక్షయో యావజ్జీవమో పదేండ్లో అంతకు మించియో శిక్షగల నేరములలో 90 దినములలోపల ముగిసి అభియోగపత్రము దాఖలు కాకున్నచో, జామీను పొందుటకు ముద్దాయికి హక్కు కలుగును. అయితే ఈ హక్కు తనంతట తాను నడచివచ్చునది కాదు. గడువు తీరిన మఱుక్షణమే దరఖాస్తు పెట్టవలెను. నిదురించినవాడు మేలుకొనులోపల అభియోగపత్రము వచ్చినచో ఆ హక్కు పోవును. చేయి చాచనివానికి న్యాయస్థానపు గుమ్మములోని ఫలమును అందదు.

ఇంకను, ఇదివఱకు ఏ నేరమునకును దోషిగా నిర్ణయింపబడనివాడు ఆ నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము, ఇతరుడు సగము కాలము చెరలో గడపినచో విడుదలకు అర్హుడని 479వ సెక్షను చెప్పుచున్నది. మరణశిక్షయో యావజ్జీవమో విధింపదగిన నేరములకును, పెక్కు కేసులున్నవారికిని ఇది చెల్లదు. అర్హుల విషయమును కోర్టునకు తెలుపుట జైలు సూపరింటెండెంటు విధి. క్రొత్త సంహితకు ముందు నమోదైన కేసులకును ఇది వర్తించునని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపఱచెను. 1979లో హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యము వలన, గరిష్ఠశిక్ష కంటెను ఎక్కువకాలము విచారణ లేకయే చెరలో క్రుళ్లుచున్న బీహారు ఖైదీల కథ లోకమునకు తెలిసెను. ఆ వ్యాజ్యము తెచ్చినది పుష్పా కపిలా హింగోరాణి అను న్యాయవాది. ఆమెకు ఆధారము వార్తాపత్రికలో వచ్చిన వ్యాసములు. పత్రిక చదివి ఊరకుండక లేచి నిలిచిన ఒక్క వ్యక్తి యేమి చేయగలదో దీనివలన తెలియుచున్నది.

పూచీ ఎవరు?

జామీను ఉత్తరువు చేతికి వచ్చినను చెఱ విడనివారు మన దేశమున వేలకొలది. కారణ మొక్కటే: పూచీ పడువారు లేరు. 1978లో మోతీరాం వ్యాజ్యమున సుప్రీంకోర్టునకు వచ్చిన కథ చూడుడు. మధ్యప్రదేశమునకు చెందిన బీద తాపీపనివాడు. జామీను దొరకినది, కాని మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు పూచీ కోరెను. అన్నదమ్ముడు ముందుకు రాగా, అతని యాస్తి వేఱొక జిల్లాలో నున్నదని త్రోసివేసిరి. జస్టిసు కృష్ణయ్యరుగారు ఆ యుత్తరువును తీవ్రముగా గర్హించి, 1,000 రూపాయల సొంత ముచ్చలికపై అతనిని విడిపించిరి. బస్తరులోనో చాందినీచౌకులోనో పట్టువడిన మలయాళీకిని తమిళునికిని తెలుగువానికిని అక్కడ ఆస్తిగల బంధువు లెట్లు దొరకుదురని వారా తీర్పులో ప్రశ్నించిరి. వలసకూలికై బొంబాయికిని బెంగుళూరునకును పోవు మన పాలమూరు, శ్రీకాకుళము కుటుంబములకు ఈ ప్రశ్న నేటికిని ఉత్తప్రశ్న కాదు. అంతకుముందే, 1977 డిసెంబరులో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి పోయిన గుడికంటి నరసింహులు వ్యాజ్యమున ఆ న్యాయమూర్తియే, జామీను విషయము వ్యక్తిస్వేచ్ఛకును ప్రజాక్షేమమునకును ప్రజాధనమునకును సంబంధించినదని, దానిని న్యాయాధిపతి ఇష్టానిష్టములకు వదలరాదని వివరించియుండిరి.

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశములు ఇంకను స్పష్టములు. ఉత్తరువు వచ్చిన వారములో ఖైదీ విడుదల కాకున్నచో జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెను. నెలలోపల పూచీ రాకున్నచో కోర్టు తానుగా షరతులను సడలింపవచ్చును. స్థానికుడే పూచీ కావలెనను షరతు విడుదలకు అడ్డగుచున్న సందర్భములలో దానిని విధింపకుండుట మేలు. పూచీసొమ్ము చెల్లింపలేని బీదఖైదీకి, కొన్ని ప్రత్యేక చట్టముల క్రిందివారు తప్ప, సహాయము చేయు కేంద్రప్రభుత్వ పథకమును 2023లోనే వెలువడెను.

ఇక మన పట్టణములలోని పెద్దమనుష్యుల కొక మాట. పూచీయన ఆస్తిని దానము చేయుట కాదు. ఆనాడు రొక్కము చెల్లించుటయు కాదు. వాయిదాకు ముద్దాయి వచ్చునని మాట యిచ్చుట. అతడు రానిచో వ్రాసిన సొమ్మునకు బాధ్యుడగుట నిజమే. కాని నమ్మకము సడలినచో తన్ను విముక్తుని చేయుమని కోర్టును కోరవచ్చును. తాను ఇదివఱ కెందఱికి పూచీ పడియున్నాడో నిజము చెప్పవలెను. ఇంటిపన్ను రసీదును పట్టాదారు పుస్తకమును పెట్టెలో దాచుకొన్న సజ్జనులు ముందుకు రానందువలననే, దొంగపత్రములతో తిరుగు కిరాయిపూచీదారులు కోర్టు ఆవరణములలో వృద్ధిపొందుచున్నారు. మంచివారు విడిచిన చోటును చెడ్డవారాక్రమింతురు.

దొంగలకును దౌర్జన్యకారులకును మేము పూచీ పడవలెనా యని కొందఱడుగుదురు. ఈ యాక్షేపణను మేము తేలికగా తీసికొనము. సాక్షులను బెదరించువాడు, పాఱిపోవువాడు, మరల నేరము చేయువాడు ఉందురు. అట్టివారిని విడువరాదనుటకు తగిన కారణములు శాసనమే చూపుచున్నది, న్యాయస్థానములు పాటించుచున్నవి. బాధితుని భయమును న్యాయమైన భయమే. కాని పూచీ లేని కారణమున చెఱలో మిగులువాడు క్రూరుడు కాడు, దిక్కులేనివాడు. క్రూరునకు న్యాయవాదియు పూచీదారుడును ముందే సిద్ధముగా నుందురు. ఈ పద్ధతి వలన ప్రమాదకరుడు బయటను, పేదవాడు లోపలను ఉండుట సమాజమునకు రక్షణ యెట్లగును? చెఱలో నున్న ఒక్కొక్క దినమునకు ఒక కూలి పోవును, ఒక బిడ్డ చదువు ఆగును, ఒక యిల్లు అప్పులపాలగును. ఏండ్లకు నిర్దోషియని తీర్పు వచ్చినను ఆ దినములను ఏ హైకోర్టును తిరిగి యీయలేదు.

కావున మా సూచన పెద్దది కాదు. ప్రతి పఠనమందిరమును తన గోడపై ఒక కాగితము నంటింపవలెను. అందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిరునామా, 15100 అను నంబరు, అడుగవలసిన ఆ నాలుగు ప్రశ్నలు, 24 గంటలు, 60 దినములు, 90 దినములు అను మూడు గడువులు ఉండవలెను. ఊరిలోని న్యాయవాదులు నెలకొక సాయంకాలము అచ్చటకు వచ్చి జనుల సందేహములు తీర్పవలెను. ఆస్తియు పరువును గల పదిమంది గృహస్థులు, తమకు తెలిసిన పొరుగు పేదవాడు పట్టువడిన దినమున అతనికి పూచీ నిలుతుమని తమలో తాము నిశ్చయించుకొనవలెను. దీనికి సభలు అక్కఱలేదు, చందాలు అక్కఱలేదు.

తిలకుగారికి దావరుగారును జిన్నాగారును వాదించిరి. రేపు మీ వీధిచివర రిక్షాతొక్కువాని కుమారుని తీసికొనిపోవుదురు. అతని తల్లి మొట్టమొదట తలుపు తట్టునది చదువుకొన్నవారి యింటినే. ఆమెకు ఏమి చెప్పుదుమో నేడే తెలిసికొని యుండుట మన ధర్మము.